సుగుణ కట్టని రాఖీ

బాపు సంవత్సరీకం అయిన మర్నాడు తమ్ముడు ఆయన రేకు పెట్టెను వసారాలోకి ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టాడు. "అక్కా, నీకు అక్కరకొచ్చేటియి ఏమన్న ఉంటె తీసుకో, మిగిలినయి కాలవెడ్త" అన్నాడు. పెన్షన్ కాగితాలు, కాడలు విరిగిన రెండు జతల కళ్లద్దాలు, ఎండిపోయిన ఎర్ర సిరా బుడ్డి, రిటైరైన నాడు కప్పిన శాలువా ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతుంటే అడుగున నాలుగు మడతల రూళ్ల కాగితం చేతికి తగిలింది. విప్పితే లోపల ఒక రాఖీ. ఆ రోజుల్లో వచ్చేదే, గులాబీ రంగు స్పాంజి పువ్వు, మధ్యలో బంగారు రంగు కాగితపు బిళ్ల. వేలు పెట్టగానే స్పాంజి పొడిపొడిగా రాలి నా ఒళ్లో పడింది. దారం మాత్రం గట్టిగానే ఉంది. దాన్ని చుట్టిన కాగితం మీది రాత నాది. పదో తరగతిలో రాసిన కాగితం. చూడగానే గుర్తుపట్టాను. పోయిన తండ్రి పెట్టె ముందు కూర్చున్న కూతురికి ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. తమ్ముడితో "ఇది ఉండనియ్" అని మాత్రం అన్నాను.

బాపు మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరు. మా ఊరు కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద, కొండగట్టుకు కొంచెం ఇవతల ఉంటుంది. పొద్దున్నే మా ఇల్లంతా గంజి వాసన, వేడి బట్ట వాసన కలిసి వచ్చేది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యిలోంచి నిప్పులు తీసి ఇస్త్రీ పెట్టెలో వేసి ఇస్తే, బాపు తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకునేవాడు. కాలరు దగ్గర ముడత ఉంటే మళ్లీ నీళ్లు చిలకరించి మళ్లీ రుద్దేవాడు. ఆ తరువాత మక్కజొన్న రవ్వతో వండిన గటక, పచ్చిపులుసు. తిన్నాక ధోవతి అంచుతో అద్దాలు తుడుచుకుని, రెండు జేబు పెన్నుల్లో ఒకదాంట్లో ఎర్ర సిరా, ఒకదాంట్లో నల్ల సిరా పోసుకుని, ఇంట్లో ఎవరు ఏ తగాదా తెచ్చినా "చూద్దాం తియ్" అనేసి బయలుదేరేవాడు. దాయాదులైన పాలోళ్లతో పొలం గట్టు పంచాయితీ అయినా, తమ్ముడి పలక పగిలినా అదే మాట. మా చిన్నతనంలో ఆ మాట వింటే ధైర్యంగా ఉండేది. బాపు చూస్తాడులే అనుకునేవాళ్లం.

చుట్టుపక్కల బడుల్లో బెత్తాలు విరిగే కాలంలో బాపు ఎవరినీ కొట్టేవాడు కాదు. అది ఆయనకు పెద్ద గర్వం. అందుకే ఆడపిల్ల ఎవరన్నా వచ్చి, ఫలానా పిల్లగాడు దారికి అడ్డం నిలబడుతున్నాడనో, గోడ మీద పేరు రాశాడనో చెబితే ఆయనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రాఖీ పున్నమి పోయిన తెల్లారి నన్ను వెంటబెట్టుకుని కిరాణం దుకాణానికి పోయేవాడు. అమ్ముడుపోని రాఖీలు ఆ రోజు చవకగా వస్తాయి. ఒక డజను తీసుకునేవాళ్లం. రంగులు ఏరే పని నాది. వాటిని ఆఫీసు రూము బీరువాలో సుద్దముక్కల డబ్బాల పక్కన పెట్టించేవాడు. ఫిర్యాదు వచ్చినప్పుడు ప్రేయర్ కాగానే ఇద్దరినీ పిలిపించేవాడు. సార్లందరూ కూర్చునేవారు. పిల్లగాడు చెయ్యి చాపాలి, పిల్ల రాఖీ కట్టాలి. అటెండరు చిటికెడు చక్కెర ఇద్దరి చేతుల్లో పోసేవాడు. "ఇగ మీరిద్దరు అన్నాచెల్లెండ్లు. పోన్రి" అనేవాడు బాపు. అంతటితో కేసు అయిపోయేది. వేరే ఊళ్ల హెడ్మాస్టర్లు కూడా ఈ పద్ధతిని మెచ్చుకునేవారు. ఒకసారి చెల్లె అని పిలిస్తే పిల్లగాడి మనసు మారుతుందని బాపు నిజంగానే నమ్మాడు. మోసం చేసే మనిషి కాదు. మోసగాడైతే నాకు ఇంత తిప్పలు ఉండేది కాదు, ఒక్క తిట్టు తిట్టి ఊరుకునేదాన్ని.

రాఖీ కట్టాక ఏమయ్యేదో ఆడపిల్లలకు తెలుసు. మా క్లాసులో లక్ష్మి అనే పిల్ల తొమ్మిదిలో ఉన్నప్పుడు కట్టింది. అప్పటిదాకా దూరం నుంచి వెంబడి వచ్చిన పిల్లగాడు, ఆ తరువాత ఏకంగా పక్కనే నడుచుకుంటూ "చెల్లే, చెల్లే" అని ఇంటి గడప దాకా వచ్చేవాడు. ఎవరన్నా అడిగితే హెడ్మాస్టరు సారే కట్టించిండని ముంజేయి చూపించేవాడు. లక్ష్మి మళ్లీ ఫిర్యాదు చేయలేదు. ఒకసారి అన్న అయినవాడి మీద రెండోసారి ఏమని చెబుతుంది? మేము నీళ్ల కుండ దగ్గర ఈ సంగతి చెప్పుకునేవాళ్లం. నేను హెడ్మాస్టరు కూతురిని కదా, ఆ మాట ఇంట్లో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మరుసటి పున్నమికి కూడా పోయి రంగులు ఏరాను.

ఆ ఏడు మా మేనత్త కొడుకు శంకర్ బావ ఇచ్చోడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి, మా క్లాసులోనే పదో తరగతి చదువుతుండేవాడు. ఇంట్లో అతనంత మంచి పిల్లగాడు లేడు. అవ్వకు బావిలోంచి నీళ్లు చేదిపెట్టేవాడు, బాపు మంచం ఎండలోంచి నీడలోకి జరిపేవాడు. అవ్వ అందరికంటే ముందు అతనికే వడ్డించేది, నెయ్యి గిన్నె అతని వైపే జరిపేది. "మనింటికి అల్లుడయ్యేటోడు, ఓ చుక్క ఎక్కువేస్తే ఏంబోతది" అని నవ్వేది. నన్ను చూసి మరీ నవ్వేది. నేను సిగ్గుపడి లోపలికి పోయేదాన్ని. అప్పటికి నాకూ అతనంటే ఇష్టంగానే ఉండేదని ఇప్పుడు దాచి లాభం లేదు.

సుగుణ నా పక్క బెంచీ పిల్ల. వాళ్ల నాన్న యోహాను అవతలి పల్లెలో మిషన్ దవాఖానలో కంపౌండరు. ఆమె పుస్తకాలకు దవాఖాన కాగితాల అట్టలుండేవి, తెరిస్తే స్పిరిట్ వాసన వచ్చేది. నర్సు ట్రైనింగుకు పోవాలని ఆమె పట్టుదల. దానికి పదో తరగతి పాసు కావాలి. రోజూ కాలువ గట్టు మీదుగా నడిచి వచ్చేది. సంక్రాంతి సెలవులయ్యాక ఆమె ఆలస్యంగా రావడం మొదలైంది. అడిగితే మొదట చెప్పలేదు. తరువాత ఒక రోజు చెప్పింది. "మీ బావ తూము కాడ సైకిలు అడ్డం వెట్టి నిలవడ్తుండు వనజా. పక్కపొంటి పోదామంటె చెయ్యి వట్టుకుంటుండు. ఇడువుమంటె నవ్వుతుండు." నేను నమ్మలేదు. నమ్మలేదనడం కూడా అబద్ధమే, నమ్మడం ఇష్టం లేకపోయింది. మర్నాడు ఆమెకు ఎదురుగా నడిచి పోయాను. తూము దగ్గర సైకిలు, పట్టుకున్న చెయ్యి, ఆ నవ్వు నా కళ్లతోనే చూశాను. వారం తిరిగాక బడి వెనక గోడ మీద బొగ్గుతో ఆమె పేరు, తన పేరు కలిపి రాస్తుంటే కూడా చూశాను. ఇంటికి వచ్చి అవ్వకు నీళ్లు చేదిపెట్టాడు.

దరఖాస్తు రాయమని సుగుణే అడిగింది, నా రాత బాగుంటుందని. మధ్యాహ్నం బెల్లులో క్లాసులో కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆమె సంతకం పెట్టింది. పెట్టి, కాగితం నా ముందుకు జరిపి, "నువ్వు సూసినవ్ గదా" అంది. నేను కింద రాశాను: "ఇది నేను నా కళ్లతో రెండుసార్లు చూశాను. కావాలంటే నన్ను అడగండి. వనజ, పదవ తరగతి." ఆ పిల్ల ముఖం తేటపడటం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. హెడ్మాస్టరు కూతురు సాక్షి అయితే ఇంకేం కావాలి అనుకుని ఉంటుంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

రెండో రోజు ఆఫీసు రూముకు పిలిచారు. బాపు, నలుగురు సార్లు, సరోజన టీచరు కూర్చున్నారు. శంకర్ బావ తల దించుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. క్లాసు లీడర్నని నన్ను కూడా గుమ్మం దగ్గర నిలబెట్టారు. బాపు అద్దాలు తుడుచుకుని కాగితం విప్పి పైకి చదివాడు. ఆయన గొంతు మంచిది, పాఠం చదివినట్టే చదివాడు. సుగుణ సంతకం దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. కింద రెండు వరుసలున్నాయి. ఆయన కళ్లు వాటి మీద ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. తరువాత తల ఎత్తి నన్ను చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. బతిమాలుతున్నట్టు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుగుణ కూడా నా వైపు తిరిగింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

బాపు బీరువా తెరిపించి గులాబీ రంగు రాఖీ తీసి బల్ల మీద పెట్టాడు. నేను ఏరిందే.

"కట్టు బిడ్డా. కట్టినంక వీడు మళ్ల నీ దిక్కు చూస్తె నన్నడుగు."

"కట్టను సార్" అంది సుగుణ.

సరోజన టీచరు బాపు వైపు వంగి, "వాళ్లది వేరే మతం గద సార్, కట్టరేమో" అంది.

"కడ్తం టీచర్. మొన్న రాఖీ పున్నానికి మా తమ్మునికి కట్టిన. వీనికి కట్టను."

"ఎందుకు?" అన్నాడు బాపు.

"కట్టిన లక్ష్మిని అడుగున్రి సార్ ఎందుకో. తప్పు జేసినోన్ని తప్పని అనున్రి, గంతె. నాకు ఒక అన్నను ఇయ్యున్రని నేను దరఖాస్తు వెట్టలే."

అటెండరు చక్కెర కాగితం చేతిలో పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డాడు. బాపు బల్ల వైపు చూసి, "సరె, చూద్దాం తియ్. క్లాసులకు పోన్రి" అన్నాడు. ఆ మాటకు నాకు మొదటిసారి భయమేసింది.

సాయంత్రానికి తీర్పు స్టాఫ్ రూములో అయిపోయింది. "అన్న అనుకునుడు ఇష్టం లేదంటె ఇగ ఏమనుకోవాలె? ఆమెకే మనసున్నట్టుంది" అని సరోజన టీచరు అన్నదట. రెండు రోజుల్లో ఆ మాట బడి దాటింది, నాలుగు రోజుల్లో కాలువ దాటి యోహాను పనిచేసే దవాఖాన దాకా పోయింది. తప్పు చేసిన పిల్లగాడి సంగతి ఎవరూ మాట్లాడలేదు, రాఖీ కట్టని పిల్ల సంగతే అందరూ మాట్లాడారు. సుగుణను బి సెక్షన్‌కు మార్చారు. ఇక మా ఇంట్లో అవ్వ, "ఎవలి దిష్టి తగిలిందో, పిలగాడు పరేషాన్ అయితుండు" అని శంకర్ బావను కొండగట్టు తీసుకుపోయి, పదకొండు ప్రదక్షిణలు చేయించి, మెడలో తాయెత్తు కట్టించింది. నాకు ప్రసాదం పెట్టింది. నేను తిన్నాను. బాపు ఆ వారమంతా ఇస్త్రీ చొక్కా వేసుకుని, గటక తిని, అద్దాలు తుడుచుకుని బడికి పోయాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. "కావాలంటే నన్ను అడగండి" అని రాసిచ్చిన కూతురు ఆ ఇంట్లోనే, ఆ పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది.

పరీక్షలు నెల రోజులుండగా యోహాను మా ఇంటికే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"సార్, పిల్ల బడికి వోనంటుంది. టీసీ ఇయ్యున్రి. మందమర్రిల మా బామ్మర్ది బొగ్గుబాయిల పనిజేస్తుండు, ఆడికి తోలుత."

"పరీక్షల ముంగట గిట్లజేస్తె ఏడాది వోతది యోహానూ. జర ఆగు, నేను చూస్త."

"పోతదని ఎరికే సార్" అన్నాడు యోహాను. "మీరు సూస్తరనే ఇన్నొద్దులు ఆగినం."

టీసీ బాపు తన చేత్తోనే రాశాడు. ప్రవర్తన అన్నచోట "చాలా మంచిది" అని రాసి సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు. మేము మార్చిలో పరీక్షలు రాశాం. నేను పాసయ్యాను, శంకర్ బావ కూడా పాసయ్యాడు.

అసలు నా మీద నాకు కోపం వచ్చే సంగతి ఇది. రెండేళ్లకు మేనత్త ఇచ్చోడ నుంచి పసుపు కుంకుమలు పట్టుకుని సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చింది. అప్పుడు నా నోరు లేచింది. వంటింట్లో బాపును నిలబెట్టి, తూము దగ్గర సైకిలు, పట్టుకున్న చెయ్యి, గోడ మీద బొగ్గు రాతలు అన్నీ వరుసగా చెప్పాను. "నేను జేసుకోను. నీకు గూడ ఎరికే" అన్నాను. బాపు ఎదురు ప్రశ్న వేయలేదు. సాక్షిని అడగలేదు. బీరువా తెరవలేదు. వాకిట్లోకి పోయి చెల్లెలితో "ఈ పెండ్లి వద్దక్కా" అని, అక్క కానిదాన్ని తడబాటులో అక్కా అని, ఆ పూటే సంబంధం తెంపేశాడు. అన్నాచెల్లెళ్లు తరువాత ఐదారేళ్లు మాట్లాడుకోలేదు. సుగుణ చెప్పినప్పుడు చాలని సాక్ష్యం, నేను చెప్పినప్పుడు చాలింది. అదే సంగతి, అదే పిల్లగాడు.

చాలా ఏళ్ల తరువాత, నేను టీచరునై ఇద్దరు పిల్లలు పుట్టాక, కరీంనగర్ బస్టాండులో సుగుణ కనబడింది. తెల్లచీరలో ఉంది, భుజానికి సంచి. ఏడాది పోయినా ప్రైవేటుగా పరీక్ష కట్టి, తరువాత నర్సు ట్రైనింగుకు పోయిందట. నన్ను గుర్తుపట్టి తనే వచ్చి పక్కన కూర్చుంది. ఆమె బస్సుకు పావుగంట ఉంది. మీ పిల్లలెందరు, మా పిల్లలెందరు అన్నీ అయ్యాక, నేను ఉండబట్టలేక శంకర్ బావతో సంబంధం తప్పిపోయిన సంగతి చెప్పాను. చెబితే నేను అతన్ని చేసుకోలేదని ఆమెకు తృప్తిగా ఉంటుందనుకున్నాను కాబోలు. ఎంత తెలివితక్కువదాన్ని.

ఆమె నవ్వింది. "అయితె నా దరఖాస్తు నీకు పనికొచ్చిందన్నట్టు."

"బాపు నా పేరు సదవలే గద సుగుణా" అన్నాను.

"మీ బాపు సదవలే. నువ్వు ఆడనే ఉంటివి గద. నీకు నోరు లేకుండెనా?"

తిట్టినట్టు అనలేదు. రోగిని ఎక్కడ నొప్పి అని అడిగినట్టు అడిగింది. నేను జవాబు వెతుక్కునే లోపల మంచిర్యాల బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది, కిటికీలోంచి చెయ్యి కూడా ఊపింది.

పెట్టెలో కాగితం దొరికిన నెలకు మా ఊరి బడి నుంచి ఫోను వచ్చింది. నేను రిటైరైన టీచర్ని కదా, బడి కమిటీలో బయటి సభ్యురాలిగా నా పేరు రాసుకున్నారు. ఒక అమ్మాయి ఫిర్యాదు ఇచ్చింది, వచ్చి సంతకం పెట్టి పొమ్మన్నారు. ఇప్పుడు గోడకు ఫిర్యాదుల పెట్టె ఉంది, దానికి తాళం ఉంది, ఫోను నంబర్ల బోర్డు ఉంది. బీరువాలో రాఖీలు లేవు. హెడ్మిస్ట్రెస్ ఒకప్పుడు బాపు దగ్గర చదువుకున్న పిల్లే. కుర్చీ వేసి, టీ తెప్పించి, "సార్ ఉన్నప్పుడు గివన్ని ఏడుండె మేడం? ఒక్క రాఖీతోని అయిపోతుండె" అంది మురిపెంగా. తరువాత టైపు చేసిన కాగితం ఇచ్చింది. పిల్లగాడితో సారీ చెప్పించారట. అమ్మాయిని వేరే సెక్షన్‌కు మారుస్తున్నారట. ఫిర్యాదు ఇచ్చిన అమ్మాయి గది మూలన స్టూలు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగడం లేదు.

అసలు ఫిర్యాదు చూపించమన్నాను. నోటుబుక్కులోంచి చింపిన కాగితం. అడుగున వేరే రాతలో ఇంకో పేరు ఉంది, "నేను కూడా చూశాను" అని.

"ఈ అమ్మాయిని పిలిచారా?"

"ఎందుకు మేడం, ఆ పిల్ల మా సోషల్ సార్ బిడ్డ. సార్ ఫీలయితడు. చూద్దాం తియ్యున్రి."

చెవుల్లో బాపు గొంతు వినబడింది. పెట్టెలో దొరికిన నాటి నుంచి నా సంచిలోనే ఉన్న పాత కాగితం తీసి బల్ల మీద విప్పి పెట్టాను. స్పాంజి పొడి ఇంకా మడతల్లో ఉంది. పైకి చదివాను, సుగుణ సంతకం దగ్గర ఆగలేదు. "కావాలంటే నన్ను అడగండి. వనజ, పదవ తరగతి" అని చివరిదాకా చదివాను. హెడ్మిస్ట్రెస్‌కు ఏమీ అర్థం కాలేదు, అర్థం కావాలని నేను ఆశపడలేదు కూడా. "ఆ పిల్లను పిలిపించండి. ఆమె వచ్చేదాకా నేను సంతకం పెట్టను, ఈ కుర్చీలోంచి లేవను" అన్నాను. హెడ్మిస్ట్రెస్ గడియారం చూసింది, తలుపు చూసింది, చివరికి అటెండరును పంపింది.

వచ్చింది. రెండు జడల పిల్ల, సుద్దముక్క పొడి అంటిన వేళ్లు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది, నేను ఆగినచోటే. లోపలికి పిలిచి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను. "నువ్వు సూసినవా బిడ్డా?" అని అడిగాను. ఆమె హెడ్మిస్ట్రెస్‌ను చూసింది. బయట వరండాలో నిలబడ్డ వాళ్ల నాన్నను చూసింది. స్టూలు మీది స్నేహితురాలిని చూసింది. కాళ్ల వైపు చూసుకుంటుందేమోనని నా ప్రాణం కొట్టుకుంది.

"సూసిన" అంది.